ముసలి ల్యాబ్రడార్ వెనక కాళ్లు: సూదులకు సరే, సీసాకు వద్దు

నరసన్నపేట నుంచి ఒకమ్మ అడిగారు. ఇంట్లో పదకొండేళ్ల ల్యాబ్రడార్, ఆడది, 38 కిలోలు. ఏడాదిగా పొద్దున్నే లేవాలంటే వెనక కాళ్లు సాయం రావడం లేదు. నొప్పిమాత్ర వేస్తే తిరుగుతోంది, మానేస్తే మళ్లీ గోడవారన పడకే. సింగపూర్‌లో ఉన్న మేనత్త కొడుకు ‘దు హువో జి షెంగ్ వాన్’ అనే నల్ల గుళికల సీసా పంపించి, ఆక్యుపంక్చర్ కూడా చేయించమన్నాడట. ఊళ్లో మనుషులకు సూదులు పెట్టే ఆయన్ని అడిగితే ‘కుక్కకైనా మనిషికైనా నరాలు నరాలే కదా’ అన్నాడట. గుళికలు వెయ్యొచ్చా, సూదులు పెట్టించొచ్చా, రెండూ కలిపి చెయ్యొచ్చా అన్నది ఆవిడ ప్రశ్న.

జవాబు ముందే చెప్పేస్తానమ్మా. సూదులు పెట్టించండి, కాని పశువుల డాక్టరు చేతే, అదీ రక్తపరీక్ష అయ్యాకే. ఆ సీసా మూత మాత్రం తియ్యకండి.

నేను ముప్పై మూడేళ్లు పశుసంవర్ధక శాఖలో చేసి విజయనగరంలో రిటైరయ్యాను. ఆ సర్వీసులో ఎక్కువ భాగం ఎడ్లు, గేదెలు, గొర్రెలతోనే గడిచింది. సూదుల విద్య యాభై దాటాక నేర్చుకున్నాను. మొదట్లో నవ్వుకున్నవాణ్ణే. అయితే బొబ్బిలి వైపు ఎద్దు కుంటితే ముందు తుంటి మీద ఎర్రగా కాల్చిన కడ్డీతో వాత పెట్టించి, అది చీము పట్టాక నా దగ్గరికి తోలుకొచ్చేవారు. ‘వాత ఎట్టినా తగ్గనేదు బాబూ, ఏటి సేత్తాం’ అనేవారు. ఆ వాతలు కడిగి కడిగి విసిగిపోయినవాడికి, వెంట్రుకంత సూదితో నొప్పి తగ్గుతుందంటే ఒకసారి చూద్దామనిపించడంలో వింతేముంది.

ముందు సీసా సంగతి తేల్చేద్దాం.

దు హువో జి షెంగ్ అనేది చిన్నాచితకా మందు కాదు. 7వ శతాబ్దపు చైనా వైద్యుడు సున్ సిమియావో గ్రంథంలో ఉన్న యోగం. పదిహేను దినుసులు. అందులో మనకు తెలిసినవీ ఉన్నాయి: అతిమధురం, దాల్చినచెక్క జాతి బెరడు, జిన్‌సెంగ్. నడుము, మోకాళ్లు చల్లగాలికి, తేమకి పట్టేసిన ముసలివాళ్లకు అక్కడ ఇస్తారు. అమెరికాలో చైనా పద్ధతి నేర్చిన పశువైద్యులు ముసలి కుక్కలకు కూడా వాడుతుంటారు. కాబట్టి మీ బావ ఏదో నాటుమందు పంపాడని అనను.

కాని చైనా వైద్యుడైనా ఆ గుళిక ఇలా కళ్లు మూసుకుని ఇవ్వడు. వాళ్లు ముందు కుక్క నాలుక రంగు చూస్తారు, తొడ లోపలివైపు నాడి పడతారు, చల్లటి చోటు వెతుక్కుంటుందా వెచ్చటి చోటా అని అడుగుతారు. ఆ యోగం ‘చలి, తేమ’ పట్టినవాళ్లకి. ఒంట్లో వేడి పుట్టించే దినుసులు అందులో ఉన్నాయని వాళ్ల లెక్క. మీ కుక్క మే నెలలో టైల్స్ మీద పొట్ట పరిచి, నాలుక జానెడు వేలాడేసి ఒగురుస్తూ పడుకుంటోందని మీరే రాశారు. వాళ్ల శాస్త్రం ప్రకారమే దీనికి ఆ మందు పడదు. లేబుల్ మీద ‘నడుము నొప్పి’ అని ఉంటే చాలనుకోవడం మన మెడికల్ షాపు అలవాటు.

రెండోది, అందులో షి షిన్ అనే వేరు ఉంటుంది. మన ఈశ్వరి వేరు కుటుంబానికి చెందిన మొక్క అది. పాముకాటుకి ఊళ్లలో నూరి పోసే నల్ల ఈశ్వరి తెలుసు కదా, ఆ కుటుంబం మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. కిడ్నీని తినేస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే క్లినిక్‌కి వెళ్లిన ఆడవాళ్లకు చైనా మూలికల మాత్రలిచ్చారు. ఒక మూలిక బదులు పేరు దగ్గరగా ఉన్న ఇంకో మూలిక కలిసిపోయింది. ఆ రెండోది ఈ జాతిది. చాలామందికి కిడ్నీలు పూర్తిగా పోయాయి. ఆ సంగతి తెలిశాక షి షిన్ మీద కూడా కన్ను పడింది. ఆకుల్లో ఆ ఆమ్లం ఎక్కువ కాబట్టి, 2005 నాటి చైనా ఫార్మకోపియా (మందుల అధికారిక గ్రంథం) వేరు భాగం మాత్రమే వాడాలంది. మీ సీసాలో వేరే వేశారో, మొక్కంతా దంచి వేశారో ఎవరు చూశారు? మీ అమ్మగారి ఊరు కవిటి అన్నారు. ఉద్దానం మనిషికి కిడ్నీ విలువ నేను చెప్పాలా. పదకొండేళ్ల ల్యాబ్రడార్ కిడ్నీ అసలే కొంత అరిగి ఉండొచ్చు, పైన నొప్పిమాత్ర వాడుతున్నారు, దాని పైన ఇదొకటా?

మూడోది నాకు బాగా గుర్తున్న కేసు. రాజాం నుంచి ఒక లావుపాటి పగ్ వచ్చింది. ఎవరో తెచ్చిచ్చిన ‘మూలికల’ మాత్రలట, పేరు లేదు, కవరు మీద డ్రాగన్ బొమ్మ. ‘వేసిన రెండో రోజుకే లేచి గంతులేసిందండి, మీ ఇంజెక్షన్లకి నెల పట్టింది’ అన్నాడు యజమాని కాస్త దెప్పుతూ. మరి ఎందుకు తెచ్చారంటే, రాత్రికి నాలుగుసార్లు బకెట్లో నీళ్లు తాగి ఇల్లంతా పోసేస్తోంది, అన్నం చాలదంటోంది అన్నాడు. చూస్తే పొట్ట కుండలా వేలాడుతోంది, వీపు మీద వెంట్రుకలు పలచబడ్డాయి, చర్మం కాగితంలా ఉంది. ఇది మూలిక చేసే పని కాదు. ఇది స్టెరాయిడ్ పోలిక. మూలికల మాత్రల్లో చెప్పకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, ఫినైల్‌బ్యూటజోన్, డైక్లోఫెనాక్ అనే నొప్పిమందులు కలిపి అమ్మిన సంగతులు చాలా దేశాల్లో పట్టుబడ్డాయి. ఆ మాత్రలు ఉన్నపళంగా ఆపితే కుక్క కూలబడిపోయేది. స్టెరాయిడ్ నేనే రాసి, రెండు నెలలపాటు కొద్దికొద్దిగా తగ్గిస్తూ దించాల్సి వచ్చింది. మరీ తొందరగా, మరీ బాగా పనిచేసిన మూలికను అప్పటినుంచి నేను నమ్మను.

ఇంకో పేరు కూడా మీ చెవిన పడొచ్చు, యున్నాన్ బాయ్‌యావ్. రక్తం కారడం ఆపడానికని 1902లో చైనాలో పుట్టిన పొడి. విదేశాల్లో కుక్కల ప్లీహం గడ్డలకి చాలామంది వాడతారు. దాని తయారీ చైనాలో ప్రభుత్వ రహస్యం. అందులో వసనాభి జాతి విషదుంప ఉందని 2014లో కాగితం మీద రాయక తప్పలేదు. శుద్ధి చేసిన వసనాభి మన ఆయుర్వేదంలోనూ ఉంది, సరే. కాని శుద్ధి జరిగిందా లేదా అన్నది నాలుక మీద పెట్టుకుని చూసే విషయం కాదు కదా. అలాగే ఇంగిలీకం కలిపిన పాత చైనా గుళికలు కొన్నున్నాయి. ఇంగిలీకమంటే పాదరసం ఉన్న ఖనిజం.

సీసా సంగతి ఇంతే. ఇక సూదులు.

ఇంజెక్షన్ సూదిలా ఇది బోలు సూది కాదు, మందూ ఎక్కదు. పావు మిల్లీమీటరు మందం, కుక్క సైజును బట్టి అరంగుళం నుంచి అంగుళంన్నర పొడవు ఉన్న స్టీలు తీగ. చివర చుట్టిన పిడి. ఒక్కో కుక్కకి కొత్తవి, తర్వాత పారెయ్యడమే. మీ కుక్కలాంటిది వస్తే నేను మొదట పెట్టేది బాయ్ హుయ్ అనే చోట. నడుము ఎముకలు అయిపోయి త్రికం (తుంటి ఎముకల మధ్య ఉండే వెన్ను భాగం) మొదలయ్యే దగ్గర, వేలితో నొక్కితే గుంటలా తగులుతుంది. దాంతో చాలా కుక్కలు నెమ్మదిస్తాయి. తర్వాత తొడ ఎముక గుబ్బ చుట్టూ మూడు, నడుము రెండో పూస పక్కన అటొకటి ఇటొకటి, మోకాలి వెనక మడతలో ఒకటి, మోకాలి కింద బయటివైపు కండలో ఒకటి. రెండు వైపులా కలిపి మొత్తం పన్నెండు, పదమూడు. పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచడం. వారానికి ఒకసారి చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు, పని చేస్తే తర్వాత నెలకోసారి.

మా వరండాలో గోనెపట్టా మీద జరిగేదే ఇదంతా. బొబ్బిలి నుంచి ఒక డాక్స్‌హుండ్ వచ్చేది. పొడుగు నడుము, పొట్టి కాళ్లు, ఆ జాతికి వెన్ను డిస్కు జారడం పుట్టుకతో వచ్చిన శాపం. మొదటి సూదికి తల తిప్పి నా చేతిని చూసింది, కరవలేదు. మూడో సూదికి నడుము మీద చర్మం ఒకసారి అదిరింది, ఈగ వాలితే ఎద్దు వీపు అదిరినట్టు. అయిదు నిమిషాలకి ముందు కాళ్ల మీద గడ్డం ఆనించింది. పది నిమిషాలకి గురక. దాని యజమాని, రిటైర్డ్ హెడ్మాస్టరు గారు, ‘మా ఇంట్లో కూడా ఇంత నిద్రపోదండి’ అని గుసగుసగా చెప్పారు, ఎక్కడ లేస్తుందోనని. చివరికి రెండు సూదులు వాటంతటవే జారి పట్టా మీద పడ్డాయి. కండ వదులైతే అలా పడతాయి. అందుకే పెట్టేటప్పుడు ఎన్ని, తీసేటప్పుడు ఎన్ని అని గట్టిగా పైకి లెక్కపెట్టడం నా అలవాటు. బొచ్చు కుక్కల్లో ఒకటి దాక్కుందంటే రాత్రి ఎవరి ఒళ్లో గుచ్చుకుంటుందో.

ఎలా పని చేస్తుందంటే, ‘చీ’ అనే శక్తి, అది ఒంట్లో పారే మెరిడియన్లు అనే దారులు అని చైనా వాళ్లు చెప్పేది నాకు నమ్మకం కుదరలేదు. నిజానికి చైనాలో పాత పశువైద్యం గుర్రాలది, ఎడ్లది. 1608లో గుర్రాల వైద్యం మీద యు సోదరులు రాసిన గ్రంథం దానికి పెద్ద ఆధారం. కుక్కల పటాలు చాలావరకు మనిషి పటాన్ని ఈమధ్య కుక్క మీదికి మార్చినవి. గుర్రానికి పిత్తాశయమే లేదు, దానికీ పిత్తాశయం పేరుతో ఒక మెరిడియన్ గీశారు. అలాగని సూదిలో ఏమీ లేదని కాదు. సూది గుచ్చినప్పుడు నరాల ద్వారా వెన్నుపాము, మెదడు సొంత మత్తుమందులు వదులుతాయి. ఆ మత్తుమందులకి విరుగుడైన నలోక్సోన్ ఇస్తే సూది వల్ల వచ్చే నొప్పి ఉపశమనం పోతుందని 1970లలోనే చూపించారు. గుచ్చిన చోట నొప్పి తగ్గించే అడినోసిన్ అనే పదార్థం పెరుగుతుందని 2010లో ఎలుకల మీద తేల్చారు. నాకు అది చాలు.

ఎంత పని చేస్తుందన్నది వేరే ప్రశ్న. డిస్కు జారి వెనక కాళ్లు పడిపోయిన 50 కుక్కల మీద 2007లో ఒక పరిశీలన వచ్చింది. మామూలు మందులకి కరెంటు సూదులు (సూదుల గుండా సన్నగా కరెంటు పంపే పద్ధతి) కలిపితే, కాళ్లలో నొప్పి స్పర్శ మిగిలి ఉన్న కుక్కలు సగటున పది రోజులకి నడిచాయి, మందులు మాత్రమే ఇచ్చినవి ఇరవై రోజులు దాటి. అదే కీళ్లవాతం దగ్గరికి వచ్చేసరికి ఆ ఊపు లేదు. మోచేతి కీలు అరిగిన తొమ్మిది కుక్కలకి కరెంటు సూదులు పెట్టి, అడుగు ఎంత బరువు మోపుతోందో యంత్రంతో కొలిస్తే 2006లో తేడా కనపడలేదు. కాబట్టి మీ కుక్కకి సూది సాయం చెయ్యొచ్చు. కీలు కొత్తది రాదు. నొప్పిమాత్ర మోతాదు కొంత తగ్గించుకోగలిగితే అదే లాభం.

‘కుక్కకి నమ్మకాలేం ఉంటాయి, తగ్గితే నిజంగానే తగ్గినట్టు’ అంటారు చాలామంది. నమ్మకం కుక్కకి లేదు, మనకుంది. కుంటి కుక్కలకి ఉత్తుత్తి మాత్రలిచ్చి యజమానుల్ని అడిగితే, దాదాపు 40 శాతం సందర్భాల్లో తగ్గిందన్నారు. యంత్రం మీద తేడా ఏమీ లేదు. పశువైద్యుల మాట కూడా వాళ్లకంటే ఏం మెరుగ్గా లేదు. నేను కూడా ఆ కోవలోవాణ్ణే. అందుకని ఫోను గోడకి ఆనించి పెట్టండి. పొద్దున్న మొదటిసారి లేచేటప్పుడు, అదే చోట, అదే నేల మీద, పిలిచిన దగ్గర్నుంచి నాలుగు కాళ్ల మీద నిలబడే దాకా ఎన్ని సెకన్లో చూడండి. సూదులకి ముందు వారం, తర్వాత ప్రతి వారం. నాలుగు వారాలకి ఆ అంకె కదలకపోతే మానెయ్యండి, ఎవరు పెట్టినా సరే, నేను పెట్టినా సరే.

ఇప్పుడు రక్తపరీక్ష ముందు ఎందుకంటున్నానో. ఇది నా తప్పు, దాచను. సూదులు నేర్చుకున్న కొత్తలో, విజయనగరంలోనే, తొమ్మిదేళ్ల ల్యాబ్రడార్ కుంటుతోందని తెచ్చారు. వయసు, బరువు చూసి తుంటి కీలని తేల్చేశాను. ఒకవారం సూదులు. రెండోవారం పెడుతుంటే సూది తీసిన చోటల్లా రక్తపు బొట్టు ఆగకుండా వస్తోంది. పెదవి ఎత్తి చూశాను. చిగుళ్ల మీద గసగసాలు చల్లినట్టు ఎర్ర చుక్కలు. చెవి మడత తిప్పితే పిడుదులు. ప్లేట్‌లెట్లు రెండు లక్షలు దాటి ఉండాల్సింది ఇరవై వేలు. ఎర్లీకియా, పిడుదుల జ్వరం. ఆ జ్వరానికి కీళ్లు నొప్పెట్టి కుంటడం మామూలే. డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు పడ్డాక కుక్క లేచి నడిచింది. మొదటి రోజే పెదవి ఎత్తి చూసి ఉంటే ఆ వారం దానికి నొప్పి, వాళ్లకి ఖర్చు తప్పేవి. మన తీరప్రాంతంలో ఏ కుక్క కుంటినా నేను ఇప్పుడు మొదట చూసేది చిగుళ్లు, తర్వాత చెవులు, ఆ తర్వాతే కాలు.

మీ ఊరి సూదుల ఆయన దగ్గరికి ఎందుకు వద్దంటే, ఆయన చెయ్యి మంచిది కాదని కాదు. మనిషి నడుములో అయిదు పూసలు, కుక్కకి ఏడు. రొమ్ము పూసలు మనకి పన్నెండు, దానికి పదమూడు. మనిషి లెక్కతో దిగితే అడుగడుగునా చోటు తప్పుతుంది. కుక్క వెనక కాలికి వెనక్కి వంగి కనిపించేది మోకాలు కాదు, మడమ. మోకాలు పైన పొట్ట దగ్గర దాక్కుని ఉంటుంది. పక్కటెముకల మధ్య సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది. పైగా 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం రిజిస్టరైన పశువైద్యుడు కానివాళ్లు జంతువులకి వైద్యం చెయ్యకూడదు. మన రెండు జిల్లాల్లో సూదులు నేర్చిన పశువైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్నా గొప్పే. గరివిడి పశువైద్య కళాశాలలో అడగండి, విశాఖలో పెంపుడు కుక్కల క్లినిక్కుల్లో అడగండి. దొరక్కపోతే బెంగ పడొద్దు, మీ కుక్కకి ముఖ్యమైంది అది కాదు.

ముఖ్యమైంది 38 కిలోలు. అమెరికాలో ఒక దాణా కంపెనీ 48 ల్యాబ్రడార్‌లని కూనలప్పటినుంచి జతలు జతలుగా పెంచింది. జతలో ఒకదానికి రెండోదానికంటే పాతిక శాతం తక్కువ తిండి. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల అరుగుదల ఆలస్యంగా వచ్చింది. ఇప్పటికే లావైన కుంటి కుక్కల్లో, ఒంటి బరువులో ఆరు శాతం తగ్గేసరికే కుంటు తగ్గడం కనపడింది. మీదానికి అది రెండుంపావు కిలోలు. మీరు రాసిన తిండి చూశాను: పొద్దున్న పాలు, బిస్కెట్లు, మధ్యాహ్నం నెయ్యి వేసిన పప్పన్నం, రాత్రి పెరుగన్నం, ఆదివారం మటన్ ముక్కలు కొవ్వుతో సహా. నాన్నగారు ఎవరూ చూడకుండా పెట్టే చపాతీ ముక్కలు మీరు రాయలేదు. ప్రతి ఇంట్లో ఒక నాన్నగారు ఉంటారు, నాకు తెలుసు. అన్నం సగం చెయ్యండి, ఆ సగం చోట ఉడికించిన సొరకాయ, బీన్స్, గుమ్మడి వెయ్యండి. బిస్కెట్లు పూర్తిగా బంద్.

నేల టైల్స్ కదా. వెనక కాళ్లు జారుతుంటే కుక్క లేవడానికే భయపడుతుంది. కవిటి, సోంపేట వైపు కొబ్బరిపీచు పట్టాలు దొరుకుతాయి, మీకు నేను చెప్పేదేముంది. పడక దగ్గర్నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడ్నుంచి గుమ్మం దాకా దారిలా పరిచెయ్యండి. వెల్లుల్లి కాచిన నూనె రాస్తున్నామన్నారు, అది ఆపండి. రాసిందల్లా నాకుతుంది, వెల్లుల్లి ఎక్కువైతే కుక్క రక్తకణాలు పగులుతాయి.

నొప్పిమాత్ర పేరు మీరు రాయలేదు. మెడికల్ షాపులో కొన్న మనుషుల డైక్లోఫెనాకో, ఐబూప్రొఫెనో అయితే ఇవాళే ఆపండి, కుక్క పేగుకి, కిడ్నీకి రెండూ విషమే. డైక్లోఫెనాక్‌ని పశువులకి వాడొద్దని 2006లోనే ప్రభుత్వం నిషేధించింది, అది ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిని చచ్చిపోతున్న రాబందుల కోసమనుకోండి. కుక్క మలం నల్లగా తారులా వస్తే ఆ రోజే డాక్టరుకి చూపించండి. కుక్కల మోతాదులో పశువైద్యుడు రాసిన మెలాక్సికామ్ అయితే కొనసాగించండి, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్ పరీక్ష చేయించి.

సోమవారం పొద్దున్నే పరగడుపున తీసుకెళ్లండి. రక్తంలో ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, లివర్, తర్వాత తుంటికి, నడుముకి ఎక్స్‌రే. ఎక్స్‌రే ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి, 38 కిలోల కుక్కని ఆటోలోకి రెండుసార్లు ఎత్తడం మీవల్ల కాదు. ఎత్తేటప్పుడు పొట్ట కింద తువ్వాలు వేసి ఇద్దరు పట్టుకోండి. ఆ రిపోర్టులు, లేచే వీడియో నాకు చూపిస్తే ఏ చోట ఎన్ని సూదులో, అసలు కావాలో వద్దో చెప్తాను. సీసా మీ బావకి తిరిగి పంపితే బాగుండదు కాబట్టి బీరువాలో పెట్టెయ్యండి, నాన్నగారికి అందని అరలో.